చుక్క పెట్టడానికి భయపడిన మనిషి

మొన్న పేపర్లో జిల్లా పేజీ అడుగున ఒక చిన్న వార్త వచ్చింది. పామిడికి చెందిన కథకుడొకాయన చనిపోయాడనీ, కొంతకాలంగా మతిమరుపుతో బాధపడుతున్నాడనీ. పక్కన ఫొటో వేశారు. ఎప్పటిదో సన్మానంలో తీసింది. మెడలో దండ, మొహంలో ఇక చాలించండిరా అన్న చిరాకు. ఫొటో నిజమే. చనిపోవడం నిజమే. మతిమరుపు మాత్రం పచ్చి అబద్ధం.

ఆ వార్త రాసిన విలేకరి నాకు బాగా తెలిసినవాడే. ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. ఇంట్లోవాళ్లు చెప్పిందే రాశానన్నాడు. ఇంట్లోవాళ్లు పొరబడ్డారు, రేపటి పేపర్లో దిద్దుకోండి అన్నాను. "పోయినాయనకు ఇప్పుడు అదేం లెక్కలేన్నా," అన్నాడు అతను. ఫోన్ పెట్టేశాను. ఇంట్లోవాళ్లదీ తప్పు కాదు. ఆయన తనంతట తానే భార్యకు చెప్పుకున్నాడు, కొడుక్కు చెప్పుకున్నాడు, టీ అంగడి దగ్గర కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. నాకూ చెప్పాడు. నమ్మనివాణ్ని నేనొక్కణ్నే మిగిలాను. అందుకే ఇది రాస్తున్నాను. ఆయన పేరు పేపర్లో వచ్చింది కాబట్టి మళ్లీ రాయను. పేపర్లో రానిది రాస్తాను.

అనంతపురంలో నేనొక చిన్న మాసపత్రిక నడుపుతున్నాను. నడుపుతున్నానంటే, అది నన్ను నడిపిస్తోందనడమే న్యాయం. ఆయన మొదట్లో దానికి కథలు పంపేవాడు, తర్వాత ఒక నవల మొదలుపెట్టాడు. నాకంటే చాలా పెద్దవాడు. అయినా నేను అన్నా అనేవాణ్ని, ఆయన నన్ను ఏమప్పా అనేవాడు. ఆయన భార్య నాకు వదిన. వాళ్లింట్లో కూర్చుంటే ముందు బొరుగులు వచ్చేవి, తర్వాత కాఫీ, ఆ తర్వాత తగాదా.

తగాదా ఎప్పుడూ మాటల గురించే. ఎన్నడో ఒక వారపత్రిక ఆయన కథ వేస్తూ, అందులో గొర్రెలు కాసుకునే ముసలామె మాటలన్నీ ఏలూరు వైపు మాటలుగా మార్చి అచ్చు వేసిందట. ఆయన ఆ పుస్తకం తీసుకొచ్చి వదినకు చదివి వినిపిస్తే, "ఈమెవరు? మనామె కాదే," అందట ఆమె. ఆ మాట ఆయనకు మనసులో ముల్లయి కూర్చుంది. ఆ రోజు నుంచి ఆయన రాసింది ఎవరు ముట్టుకున్నా సహించేవాడు కాదు. నా దగ్గర మొదటి రోజే షరతు పెట్టాడు. తప్పుంటే చెప్పు, నేను దిద్దుకుంటాను, నువ్వు మాత్రం చెయ్యి పెట్టొద్దు అని. పెట్టనని మాటిచ్చాను. అయినా నమ్మేవాడు కాదు. పత్రిక చేతికి రాగానే తన ప్రతి పక్కన పెట్టుకుని, వేలు వరస వెంబడి నడిపిస్తూ మొత్తం సరిచూసేవాడు. ఏమీ దొరక్కపోతే కొంచెం నిరాశపడేవాడు కూడా.

మనుషుల్ని ఇంతగా అనుమానించే మనిషి. ఇది గుర్తుంచుకోండి.

ఆయన రాసే తీరు చూసి తీరాల్సిందే. కంప్యూటర్ ముందు కూర్చుని, ముందు వాక్యాన్ని పైకి అనేవాడు. గొణగడం కాదు, వీధిలోకి వినపడేలా. నచ్చకపోతే మార్చి మళ్లీ అనేవాడు. "రాసింది నోటికి తగలాలప్పా," అనేవాడు. నోటికి తగిలిందనిపించాక తల వంచి, రెండు చూపుడు వేళ్లతో, చాలులో చెనక్కాయ విత్తనం వేసినట్టు ఒక్కో అక్షరమే వేసుకుంటూ పోయేవాడు. చూపంతా మీటల మీదే. పేరా అయ్యేదాకా తల ఎత్తడు. అయ్యాక కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, తెర దగ్గరికి మొహం తీసుకెళ్లి చదువుకునేవాడు. ఈలోగా వంటింట్లోంచి వదిన, ఆ కాలంలో గొర్రెలు ఈనవు, కార్తీకం అని మార్చు అనేది. ఆయన విసుక్కుంటూనే మార్చేవాడు. చెయ్యి పెట్టే హక్కు లోకంలో ఆమె ఒక్కదానికే ఉండేది.

కంప్యూటర్‌ను, ఇంట్లో పెద్దమనిషిని అన్నట్టు, ఆయప్ప అనేవాడు. ఆయప్ప ఇంకా లేవలేదు, ఆయప్పకు ఈ పొద్దు బాగలేదు, ఇలా. అది పామిడిలోనే మూతపడిన ఒక డీటీపీ సెంటర్ వాళ్ల పాత మిషన్. ఇచ్చేముందు ఆ సెంటర్ ఆయన తెలుగు ఫాంటు, కీబోర్డు అన్నీ కుదిర్చి, ఏవేవో ఆపాల్సినవి ఆపి, ఇక దీని జోలికి ఎవర్నీ రానీయకండి అని చెప్పి మరీ అప్పగించాడట. ఈయన రానిస్తేగా. దుమ్ము తుడవడానికి కూడా వదినను రానిచ్చేవాడు కాదు. తెర మీద ఉండే ఇంగ్లీషు పేర్లు ఆయన ఎన్నడూ చదవలేదు. చదవలేక కాదు, అక్కర్లేక. అన్నీ చోట్లను బట్టి నేర్చుకున్నాడు. రాసింది దాచుకోవాలంటే ఎడమ పక్క పైమూల, అక్షరం పెద్దది కావాలంటే నడిమధ్య, వెతకాలంటే కుడి చివర. తన ఊళ్లో తాను తిరిగినట్టు తిరిగేవాడు.

నవల గొర్రెల మంద గురించి. వానలు లేని ఏడు తనకల్లు దగ్గరి పల్లె నుంచి ఒక కుటుంబం మందను తోలుకుని బయల్దేరుతుంది. మేత ఎక్కడ దొరికితే అక్కడికి, తుంగభద్ర దాటి ఇంకా పైకి. నడకే కథ. నెలనెలా ఒక భాగం ఇచ్చేవాడు. మా పత్రిక చదివేవాళ్లు కొద్దిమందే అయినా, ఆ కొద్దిమందీ దాన్నే ముందు తిప్పి చదివేవాళ్లు. మంద వెనక్కి, సొంతూరికి చేరడంతో నవల ముగుస్తుందని నాకు ముందే చెప్పాడు. చివరి భాగం మొత్తం నోట్లో ఉందని, వేళ్లు అక్కడికి చేరాలంతేనని అనేవాడు.

మంద తుంగభద్ర దాటిన నెలలోనే, ఎండాకాలం కరెంటు ఎగుడుదిగుడుకు పాత మిషన్ కాలిపోయింది. రాసిందంతా ఒక పెన్‌డ్రైవ్‌లో ఉండబట్టి బతికిపోయింది. కొడుకు పామిడిలోనే బట్టల వ్యాపారం చేస్తాడు, తండ్రంటే ప్రాణం. వారం తిరక్కుండా అనంతపురం వచ్చి కొత్త కంప్యూటర్ కొనుక్కుని పోయాడు. అందులో రాసుకునే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్. పాత ఫాంటు ఎక్కించారు, పాత ఫైళ్లు తెరుచుకున్నాయి, అక్షరాలన్నీ చక్కగా కనబడ్డాయి. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

ఆయన ఫోన్ చేశాడు. గొంతులో సరదాగానే ఉంది. "అన్నీ యాడాడనో పెట్టినారప్పా. పొద్దున లేసేసరికి బస్టాండు ఇంగో పక్క కట్టినట్టుండాది." దాచుకునే బొమ్మ వెతకడానికే ఒక పూట పట్టిందట. ఇదివరకు అన్నీ ఒక వరసలో ఉండేవి, ఇప్పుడు ఒకదాన్ని నొక్కితే కింద వరస మొత్తం మారిపోతోందట. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనీకుండా వీళ్లకు ఏమి వచ్చింది, దీన్ని తయారుచేసేవాళ్లలో ఒక్కడైనా ఏదైనా రాసుకుంటాడా అని అడిగాడు. నాకేం తెలుసు. అలవాటైపోతుందిలే అన్నాను. అందరం అందరికీ చెప్పే మాటే.

అలవాటైందనే అనుకున్నాను. ఆ తర్వాతి భాగం టైముకు వచ్చింది. అచ్చుతప్పు ఒక్కటి లేదు. ఆ తర్వాతిది ఆలస్యంగా వచ్చింది. అందులో ఒక విచిత్రం కనిపించింది. వాక్యాలు పెరిగిపోయాయి. మంద నడుస్తూనే ఉంది, దుమ్ము లేస్తూనే ఉంది, ఆడవాళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు, అన్నీ కామాలతోనే సాగిపోతున్నాయి. పేజీ మొత్తానికి చివర ఎక్కడో ఒక చుక్క. ఆ పై నెల భాగంలో పేరాలు కూడా లేవు. నాకు ఒళ్లు పులకరించింది. ఈ వయసులో ఈయనకు కొత్త శైలి దొరికింది, ఆగని మందను ఆగని వాక్యంలో పట్టుకున్నాడు అని సంబరపడిపోయాను. అదే మాట ఫోన్ చేసి చెప్పాను. మాట పూర్తికాకముందే ఫోన్ కట్టయింది. లైను తెగిందనుకుని మళ్లీ చేస్తే వదిన ఎత్తి, పడుకున్నాడంది.

ఆ తర్వాత ఏ భాగమూ రాలేదు. ఒకరోజు ఆయనే ఫోన్ చేసి, "ఇంగ నాతో కాదప్పా, నవల ఆపెయ్," అన్నాడు. ఆదివారం బండేసుకుని పామిడి పోయాను. కంప్యూటర్ మీద పాత పంచె కప్పి ఉంది. ఆయన మంచం మీద కూర్చుని, వదిన లేని సమయం చూసి చెప్పాడు. మతి పోతోందట.

"నోరొకటి చెప్తాండాది, చెయ్యొకటి రాస్తాండాది," అన్నాడు.

అర్థం కాలేదు. మెల్లగా అడిగితే మెల్లగానే చెప్పాడు. వాక్యాన్ని పైకి సరిగ్గానే అంటున్నాడు. తల వంచి రాస్తున్నాడు. తల ఎత్తి చూస్తే మొదటి అక్షరం వేరేది ఉంటోంది. ఒకసారి కాదు, ప్రతిసారీ. తాను ఏ మీట నొక్కాడో తనకు గుర్తుంది, కానీ తెర మీద ఉన్నది అది కాదు. దిద్దుతున్నాడు. మళ్లీ రాస్తే మళ్లీ అదే. మిషన్ తప్పేమో అన్నాను. ఆయన ఆ సంగతి ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. మిషన్ తప్పయితే దిద్దినా నిలవకూడదు కదా, దిద్దితే నిలుస్తోంది, కాబట్టి తప్పు మిషన్‌ది కాదు, చేతిది అన్నాడు. ఇంకొకటి కూడా కనిపెట్టాడు. ఆగకుండా రాసుకుంటూ పోతే తప్పు రావడం లేదు. చుక్క పెట్టి, ఊపిరి తీసుకుని, కొత్త వాక్యం ఎత్తుకుంటే చాలు, తప్పు వస్తోంది. "యాడ ఆగితే ఆడ మతి పోతాండాది. అందుకే ఆగలే. నువ్వేమో బాగుండాదంటివి," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. కంప్యూటర్ తెరిచి చూపించమన్నాను. చూసేదేముంది, తప్పులన్నీ దిద్దేశానన్నాడు. ఎవరూ చూడకముందే దిద్దేసేవాడు. అందుకే నా దగ్గరికి వచ్చిన ప్రతిలో ఒక్క మచ్చ కూడా ఉండేది కాదు. పంచె తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ పట్టులో సిగ్గుంది. ఒంట్లోని రోగాన్ని నలుగురికీ చూపించాల్సి వస్తే మనిషి పడే సిగ్గు. నేను వదిలేశాను.

కొడుకు అనంతపురంలో డాక్టరుకు చూపించాడు. నెల ఏది, ఊరేది, వంద నుంచి వెనక్కి లెక్కపెట్టు, ఇలాంటివన్నీ అడిగారట. అన్నిటికీ సరిగ్గా చెప్పాడు. వయసు మీద పడింది, దిగులు పెట్టుకోవద్దన్నారు. దాన్ని కూడా ఆయన తన పక్షానే రాసుకున్నాడు. ముసలివాళ్లకు నిజం చెప్తారా అన్నాడు. ఇక అక్కణ్నుంచి ప్రతిదీ సాక్ష్యమే అయిపోయింది. కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికేవాడు. ఆ పని ఆయన నాకు తెలిసినప్పటి నుంచీ చేస్తున్నదే, ఇదివరకు అందరం నవ్వేవాళ్లం, ఇప్పుడు ఆయన మంచంలో కూలబడేవాడు. తన నవలలో మంద నడిచిన దారిలోని ఊళ్లన్నీ వరసగా చెప్పుకునేవాడు. మధ్యలో ఏదో ఒక ఊరు దగ్గర ఆగి వదిన మొహం చూసేవాడు. ఆమె అందించేది. ఆ ఊరి పేరు నాకూ తెలియదు, పామిడిలో చాలామందికి తెలియదు. ఆ మాట చెప్తే వినేవాడు కాదు.

రాయడం మానేశాక మనిషి నిజంగానే తగ్గిపోయాడు. వాక్యాలు పైకి అనడం ఆగిపోయింది. ఆ వీధిలో నడుస్తుంటే నాకు అదే పెద్ద లోటు. తనకల్లు నుంచి ఒక పాఠకుడు నాకు ఫోన్ చేసి, వాళ్లదీ గొర్రెలవాళ్ల ఇల్లే అని చెప్పి, ఆ మంద ఇప్పుడు ఎక్కడుందన్నా అని అడిగాడు. అది పెద్దాయనకు చెప్తే కొంచెం కదులుతాడేమోనని చెప్పాను. "ఏటవతల ఉండాది. తోలుకొచ్చేవాడు లేడు," అన్నాడు. అని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. చివరి భాగం నోట్లో ఉందన్నావు కదన్నా, చెప్పు నేను రాసుకుంటాను అని బతిమాలాను. ఆ నోరు నమ్మేది కాదన్నాడు.

తర్వాత చాలా రోజులకు నా మిషన్ కూడా మొరాయించింది. మా ఊరి మెకానిక్ దాన్ని బాగుచేసి, పాతది ఇక దొరకదు సార్ అంటూ కొత్త వెర్షన్ ఎక్కించి పోయాడు. పత్రికకు సంపాదకీయం రాయాలి. వాన రాలేదని ప్రతి ఏడూ రాసే సంపాదకీయమే. మొదలుపెట్టాను. మూడు నాలుగు వాక్యాలయ్యాక తల ఎత్తితే మొదటి అక్షరాలు తప్పు. నేను చేసిన మొదటి పని ఏమిటో చెప్పనా? నా వేళ్ల వైపు చూసుకున్నాను. నాకూ మొదలైందా అనుకున్నాను.

తర్వాత, ఎందుకో, మీటలు చూడకుండా తెర చూస్తూ రాశాను. చుక్క పెట్టాను. కొత్త వాక్యం మొదటి మాట రాశాను. సరిగ్గానే పడింది. పక్క మాటకు ఖాళీ వదలడానికి పొడుగు మీట నొక్కాను. ఆ క్షణంలో, నా కళ్ల ముందే, మొదటి అక్షరం మారిపోయింది. పక్కన ఎవడో కూర్చుని నా చేతికింద దిద్దినట్టు.

సంగతి చాలా చిన్నది. ఇంగ్లీషులో వాక్యం మొదటి అక్షరం పెద్దక్షరం కావాలి. ఎవరైనా మరచిపోతే ఆ సాఫ్ట్‌వేరే దాన్ని పెద్దది చేసి పెడుతుంది. మా పాత తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల చోట్లలో కూర్చుని పనిచేస్తాయి. చిన్నక్షరం చోట ఒక తెలుగు ముక్క ఉంటే, పెద్దక్షరం చోట ఇంకొకటి ఉంటుంది. అది మర్యాదగా ఇంగ్లీషు దిద్దుతున్నాననుకుంటుంది, మనకు తెలుగు మారిపోతుంది. చుక్క పెట్టకపోతే అదీ ఊరుకుంటుంది. తర్వాత వెనక్కి వెళ్లి ఆ ఒక్క అక్షరం మారిస్తే పట్టించుకోదు. డీటీపీ ఆయన పాత మిషన్‌లో ఆపి ఇచ్చిన వాటిలో ఇదొకటి. కొత్త వెర్షన్ తనతో పాటు దాన్ని మళ్లీ తెచ్చుకుంది. ఎక్కడో ఒక చిన్న గడిలో టిక్కు తీసేస్తే సరిపోతుంది.

మనుషులు ముట్టుకుంటారేమోనని జీవితమంతా కాపలా కాసిన మనిషి. పక్కనే కూర్చుని ఒకటి ముట్టుకుంటూంటే, దాన్ని కాదని తన బుర్రను అనుమానించాడు. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లెవరో వాళ్లందర్నీ కలిపి ఒక తిట్టు తిట్టాను. తర్వాత బండి తీశాను. మిట్టమధ్యాహ్నం, తలకు తువ్వాలు చుట్టుకుని, హైవే మీద లారీల పక్కన పాట పాడుకుంటూ పోయాను. మంద ఇల్లు చేరబోతోందని నాకు నేనే చెప్పుకున్నాను. పెన్నేరు ఎండిపోయి తెల్లగా మెరుస్తున్నా నాకు అందంగా కనిపించింది.

ఆయన మంచం మీదే ఉన్నాడు. నేను చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా, అన్నా, నీకేం కాలేదు, మిషన్ చేసిన పని, రా చూపిస్తాను అంటూ పంచె లాగేశాను. వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఆయన లేచి వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు. నేను ఆయన నవలలోంచే ఒక వాక్యం రాశాను. చుక్క పెట్టాను. ఇంకో వాక్యం ఎత్తుకుని, పొడుగు మీట నొక్కాను. అక్షరం మారింది. చూడన్నా అన్నాను. మళ్లీ రాశాను, మళ్లీ మారింది. చూస్తివా, నేను సరిగ్గా కొట్టినా అది మారుస్తోంది, నీ దగ్గరా ఇదే జరిగింది అని గుక్క తిప్పుకోకుండా చెప్పి ఆయన వైపు తిరిగాను.

ఆయన తెర చూడటం లేదు. నా మొహం చూస్తున్నాడు.

సరే, చేసి చూపిస్తే నమ్ముతాడనుకున్నాను. ఆ గడిలో టిక్కు తీసేసి, కుర్చీ ఖాళీ చేసి, ఇప్పుడు నువ్వు రాయి అన్నాను. వద్దన్నాడు. వదిన కసిరింది. అంతదూరం నుంచి ఎండలో వచ్చినాడు, రెండు ముక్కలు రాస్తే నీ సొమ్మేం పోతుందని. కూర్చున్నాడు. ఇదివరకటిలా వాక్యాన్ని పైకి అనలేదు. తల వంచి, రెండు వేళ్లతో రెండు వాక్యాలు రాశాడు. మధ్యలో చుక్క పెట్టాడు. కళ్లద్దాలు పైకి తోసి చూశాడు. ఒక్క తప్పు లేదు. మొదటి అక్షరాలు రెండూ ఉండాల్సినట్టే ఉన్నాయి. నేను గట్టిగా ఆయన భుజం చరిచాను. అయిపోయిందన్నా, ఇంతే అన్నాను. వదిన కళ్లొత్తుకుంది.

ఆయన చాలాసేపు ఆ రెండు వాక్యాలనే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత కుర్చీ నా వైపు తిప్పుకుని, నిదానంగా, అంతకుముందు నాకెప్పుడూ చెప్పని సంగతి చెప్పాడు.

"మా నాయన ముసలోడైపోయినాక కూడా రోజూ సందకాడ గొర్రెల్ని లెక్కపెడతాండె. లెక్క తప్పుతాండె. తప్పినాదంటే ఆ పొద్దు బువ్వ తినడు. నేనూ మా అమ్మా ఏం చేస్తాంటిమో తెల్సునా? ఆయప్ప చెప్పే లెక్కకు సరిపోయేట్టు, పక్కోళ్ల దొడ్లోంచి రెండు తెచ్చి కలుపుతాంటిమి. ఎక్కువైతే రెండు అవతలికి తోలుతాంటిమి. మళ్ల లెక్కపెట్టు నాయనా, నీదే కరెక్టు అంటాంటిమి. చచ్చిపోయేదాకా ఆయప్ప లెక్క తప్పలే."

నాకు అప్పుడు అర్థమైంది, ఆయన ఎక్కడికి వస్తున్నాడో. కాదన్నా, అది వేరు, ఇది వేరు అన్నాను. అమ్మ మీద ఒట్టు పెట్టాను. ఫోన్ తీసి, ఇదే ఇబ్బంది గురించి ఎవరెవరో రాసుకున్నవి చూపించబోయాను. టిక్కు మళ్లీ పెట్టి చూపిస్తానన్నాను. ఎంత చెబుతుంటే అంత అబద్ధంలా వినిపిస్తోంది నా గొంతు, నాకే.

ఆయన నా చెయ్యి తీసి తన రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. "నువ్వు మంచోడివప్పా," అన్నాడు. "నా లెక్క కోసరం మందనే మారుస్తాండావు."

లేచి పంచె తీసుకుని కంప్యూటర్ మీద జాగ్రత్తగా కప్పాడు. నేను కాదన్నా, కాదన్నా అంటూనే ఉన్నాను. వదిన వైపు చూశాను, ఆమెయినా చెబుతుందని. ఆమె లోపలికి పోయి కాఫీ తెచ్చి నా చేతిలో పెట్టింది, ఆయన్ను ఊరడించడానికి అంతదూరం వచ్చినందుకు మొహం నిండా కృతజ్ఞతతో.